అరుగు మీద నుంచి చూసిన గోదావరి: మన సినిమా, నాటకం, పత్రిక డెల్టా రాజకీయాన్ని చూపుతున్నాయా?

గౌతమీ తీరం (కొత్తపేట):

2024 ఆగస్టులో కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదావరి గట్టునున్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు కూలిపోయింది. ఎన్నో సినిమాల్లో కనిపించిన చెట్టు కనుక దానికి 'సినిమా చెట్టు' అనే పేరు స్థిరపడింది. పత్రికలు పెద్ద పెద్ద ఫోటోలు వేశాయి. ఆ వార్త చదివి బాధపడినవారిలో నేనూ ఒకణ్ణి. కానీ ఆ చెట్టు నీడన చిత్రించిన పాటలూ, ప్రేమలూ, రచ్చబండ పంచాయతీలూ ఒక్కొక్కటే తలుచుకుంటూ ఉంటే ఒక సంగతి తట్టింది. ఆ పంచాయతీల్లో ఒక్కటైనా కౌలు తగాదా తీర్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. కాలువ శివారుకు నీరు అందలేదని ఒక్కరైనా అక్కడ నిలబడి అడిగినట్టు లేదు.

మన డెల్టాలో రాజకీయమంతా ఈ రెండింటి చుట్టూ, కులం చుట్టూ తిరుగుతుందని ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పనవసరం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి నీటి వాటా ఎవరిది, ముందు ఎవరిది అన్నదే మన ఊళ్ళలో పెద్దరికాన్ని నిర్ణయిస్తూ వచ్చింది. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలపు వరి) మానేసి పంట విరామం ప్రకటించారు, దాని కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని నియమించింది. అన్నపూర్ణ అని పాటల్లో పొగిడించుకునే నేల మీద రైతు తనంతట తానే చేను బీడుపెట్టడం కంటే కథకు పనికివచ్చే ఘట్టం ఇంకేముంటుంది? అయినా తెర మీద మన ప్రాంతమంటే కొబ్బరి చెట్లు, పడవ, పూతరేకులు, చివర 'ఆయ్' అంటూ నవ్వించే ఒక పాత్ర.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షూటింగులు మండువా లోగిళ్ళలో జరుగుతాయి, భోజనాలు ఆ ఇళ్ళవారే పెడతారు, కనుక కెమెరా కూడా ఆ ఇంటి అరుగు మీద నుంచే ఊరిని చూస్తుంది. అరుగు మీద నుంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. ఆ చేనును సాగుచేస్తున్నది ఎవరో, వారికి అక్కడ ఏ హక్కు ఉందో కనిపించదు. ఇది ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు ఇద్దరూ మాట్లాడాలని కోరుతున్నాను.

రీలు డబ్బా (పాలకొల్లు):

గౌతమీ తీరం గారికి నమస్కారం. పదకొండేళ్ళుగా దర్శకత్వ శాఖలో పనిచేస్తున్నాను. మీ మాటలో నిజం ఉంది, కానీ నేరమంతా సినిమా మీదకు తోయడం అన్యాయమండీ.

'రంగస్థలం' 2018లో వచ్చింది. గోదావరి ఒడ్డు ఊరు, 1980ల కాలం, ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న ప్రెసిడెంటు, సహకార సొసైటీ అప్పుల పేరుతో భూములు పోగొట్టుకుంటున్న జనం. అది రాజకీయం కాకపోతే మరేమిటి? చివరలో హీరో అన్న హత్యకు కులమే కారణమని కూడా తేలుతుంది. 2024లో వచ్చిన 'కమిటీ కుర్రోళ్ళు' పశ్చిమ గోదావరి ఊళ్ళో జాతరను, రిజర్వేషన్ మీద స్నేహితుల మధ్య వచ్చిన చీలికను, సర్పంచి ఎన్నికను ఒకే కథలో పెట్టింది. ఉప్పాడ తీరం నేపథ్యంగా 2021లో వచ్చిన 'ఉప్పెన'లోనూ కులమే కథను నడిపింది.

ఇక మా ఇబ్బంది చెబుతాను. సినిమా వ్యాపారంలో 'ఈస్ట్', 'వెస్ట్' అని మన రెండు పాత జిల్లాలు రెండు పంపిణీ ఏరియాలు. కథ వినగానే ఆ ఏరియాలు కొనేవారు అడిగే మొదటి ప్రశ్న, ఇందులో ఎవరికైనా మనసు నొచ్చుకునే మాట ఉందా అని. ప్రెసిడెంటు దుర్మార్గుడు కావచ్చు, అభ్యంతరం లేదు. అతని ఇంటిపేరు వినగానే కులం తెలిసిపోయేలా ఉండకూడదు, అంతే. అందుకని మేము ఎక్కడా లేని ఇంటిపేర్లు పుట్టిస్తాము. వర్గం చేసే పనిని ఒక వ్యక్తి దుర్మార్గంగా మార్చి, క్లైమాక్సులో ఆ వ్యక్తిని చంపేస్తే ఊరు బాగుపడినట్టు చూపిస్తాము. అది అబద్ధమని మాకూ తెలుసు.

పైగా మన దగ్గర సినిమాకూ రాజకీయానికీ మధ్య గోడ ఎప్పుడు ఉంది? పాలకొల్లులో పుట్టిన దాసరి నారాయణరావు సినిమాలు తీశారు, 'ఉదయం' దినపత్రిక పెట్టారు, కేంద్ర మంత్రి అయ్యారు. 1989లో రాజమండ్రి నుంచి జమున లోక్‌సభకు వెళ్ళారు. మొగల్తూరుకు చెందిన కృష్ణంరాజు కాకినాడ నుంచీ, నరసాపురం నుంచీ గెలిచారు. చిరంజీవి 2009లో సొంత ప్రాంతమైన పాలకొల్లులోనే ఓడిపోయారు, పవన్ కల్యాణ్ 2019లో భీమవరంలో ఓడి 2024లో పిఠాపురంలో గెలిచారు. రేపు ఎవరు ఏ పార్టీలో ఉంటారో తెలియని చోట కథ రాసేవాడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో మీరే ఊహించుకోండి.

బోదె గట్టు (అల్లవరం మండలం):

మా నాన్నగారు కౌలు రైతు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. యజమాని హైదరాబాదులో ఉంటారు, సంతకం పెట్టరు. కార్డు లేదు కనుక బ్యాంకు అప్పు లేదు, పంట పోతే నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఇందులో దుర్మార్గుడైన ప్రెసిడెంటు ఎవరూ లేరు, రీలు డబ్బా గారూ. ఆ యజమాని పండక్కి వచ్చినప్పుడు మా అందరికీ బట్టలు పెట్టే మంచి మనిషి. ఇది మీ క్లైమాక్సుకు ఎలా పనికివస్తుంది?

పాత పెన్ను (భీమవరం పరిసరాలు):

బోదె గట్టు గారి ప్రశ్నకు సినిమావారు జవాబు చెప్పలేకపోవచ్చు. కానీ ఆ సంగతిని వార్తగా రాయవలసిన పని మాది. పద్దెనిమిదేళ్ళు ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటరుగా పనిచేసినవాణ్ణి కనుక, మేము ఎందుకు రాయలేదో కొంచెం వివరంగా చెబుతాను.

మాకు జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బు ఇచ్చే లైన్ అకౌంటు ఉండేది, అది నెలకు పెట్రోలు ఖర్చుకు కూడా చాలేది కాదు. అసలు రాబడి ప్రకటనల మీద వచ్చే కమిషను. సంక్రాంతికి, ఉగాదికి, ఆగస్టు పదిహేనుకు, పత్రిక వార్షికోత్సవానికి ఇంత తేవాలని టార్గెట్టు పెట్టేవారు. మండలంలో ప్రకటన ఇవ్వగలిగినది ఎవరు? రైసు మిల్లు యజమాని, రొయ్యల మేత డీలరు, ప్రైవేటు కళాశాల కరస్పాండెంటు, నాయకుడి పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పే ద్వితీయ శ్రేణి నాయకుడు. చెరువుల మురుగు డ్రెయినులో కలుస్తున్నదని మార్చిలో రాసినవాడు ఉగాది ప్రకటన కోసం అదే చెరువుల యజమాని ఇంటి గుమ్మం ఎక్కాలి. ఎవరూ బెదిరించనవసరం లేదు, మా చెయ్యి దానంతట అదే ఆగిపోయేది.

2009 ఎన్నికల్లో ఇది ఏ స్థాయికి వెళ్ళిందో మన రాష్ట్ర జర్నలిస్టు సంఘమే బయటపెట్టింది. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనను వార్తగా వేయడం గురించి ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. ఆ ఇద్దరిలో ఒకరు తెలుగు పాత్రికేయుడైన కె. శ్రీనివాస్ రెడ్డి. వారు 71 పుటల నివేదిక ఇస్తే, కౌన్సిల్ ముందు క్లుప్తంగా సారం మాత్రం విడుదల చేసి, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ పూర్తి పాఠాన్ని బయటపెట్టలేదు. పత్రికలు తమ గురించి తాము వేసుకోని వార్త అది.

అయితే డబ్బు కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నాకు ఉద్యోగం మానేశాక తెలిసివచ్చింది. జిల్లా ఎడిషన్లు, ఆ తరువాత నియోజకవర్గ పేజీలు వచ్చినప్పుడు మా ఊరి వార్త అచ్చవుతుందని మేమందరం సంతోషించాము. జరిగింది వేరు. ఒక కాలువ మూడు నియోజకవర్గాల మీదుగా పారుతుంది. పైవాళ్ళు తూములు ఎత్తుకుంటే శివారువాళ్ళకు నీరు రాదు. కాలువ మొదట్లో ఉన్న రైతు ఒక పేజీ చదువుతాడు, శివారు రైతు ఇంకొక పేజీ చదువుతాడు. ఒకరి పేజీలో 'నాట్లు ముమ్మరం' అని ఉంటుంది, ఇంకొకరి పేజీలో 'నీరందక ఎండుతున్న నారుమళ్ళు' అని ఉంటుంది. రెండూ ఒకే కథకు రెండు కొసలని చెప్పే పేజీ లేదు. రాజకీయమనేది ఆ రెండు కొసల మధ్యనే ఉంటుంది, దానిని మేమే కత్తిరించి రెండు ముక్కలు చేశాము.

గరగపర్రు సంగతి తీసుకోండి. 2017 ఏప్రిల్‌లో అంబేద్కర్ విగ్రహం దగ్గర గొడవ మొదలై, ఆ పైన దళితులను పనులకు పిలవకుండా వెలివేశారు. అది రాష్ట్రమంతా మాట్లాడుకునే వార్త కావడానికి జూన్ నెలాఖరు అయింది. భీమవరానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అక్కడికి బస్సు ఉంది, ఫోను ఉంది, మా విలేకరులూ ఉన్నారు.

మూడో గంట (కాకినాడ):

పాత పెన్ను గారు చెప్పినది చదివాక నేను ముందు రాయదలచిన జవాబు మార్చుకున్నాను. నాటకం ఒకప్పుడు ఈ పని చేసింది, సినిమా వచ్చి చెడగొట్టింది అని రాద్దామనుకున్నాను. అది సగమే నిజం.

నిజమైన సగం ఇది. స్వరాజ్యోద్యమ కాలంలో గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కట్టి జైలుకు వెళితే, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న నల్లదొరతనం కూడా మాకు వద్దని ఎదురు పాట కట్టారు. 'జయభేరి' అనే పత్రికనూ ఆయనే నడిపారు. పాటా పత్రికా ఒకే చేతిలో ఉన్నాయి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 1940లలో 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూశాక పిల్లలను పాలేర్లుగా కుదర్చకుండా బడికి పంపినవారు ఉన్నారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. గౌతమీ తీరం గారు అరుగు గురించి అన్నారు, భీమన్న గారిది అరుగు కింద నుంచి చూసిన చూపు.

నిజం కాని సగం మా సంగతి. ముప్పై ఏళ్ళుగా నాటక పరిషత్తు పోటీలకు నాటికలు ఆడుతున్నాను. అమెరికాలో కొడుకు, ఊళ్ళో తల్లిదండ్రులు, చివర్లో ఫోను: ఎన్ని ఆడామో లెక్కలేదు. బహుమతులూ వచ్చాయి. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. మరునాటి పత్రికలు రెండు పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు వేర్వేరు ఊళ్ళలో జరిగినట్టు అనిపించింది. ఇంత జరిగినా మా నాటకసమాజం దాని మీద ఒక్క నాటిక రాయించలేదు. మమ్మల్ని ఏ సెన్సారూ ఆపలేదు, ఈస్టూ వెస్టూ కొనేవారు ఎవరూ అడ్డుపడలేదు. రీలు డబ్బా గారికి ఉన్న సాకు మాకు లేదు. పరిషత్తు నిర్వాహకులు చందాలు ఇచ్చేవారి పేర్లు తెర ఎత్తక ముందే చదువుతారు. ఆ జాబితా వింటూ మేకప్ వేసుకునేవాడికి ఏమి ఆడకూడదో తెలిసిపోతుంది.

గౌతమీ తీరం:

ఒక్క దిద్దుబాటు. నేను కెమెరా అరుగు మీద ఉందన్నాను. విలేకరి కూడా అదే అరుగు ఎక్కాడని, నాటకసమాజం ఆ అరుగు దగ్గరే చందా తీసుకుంటుందని మీ మాటల వల్ల తెలిసింది. కనుక సినిమాను ప్రత్యేకంగా నిందించిన నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను, అరుగు గురించి అన్న మాటను మాత్రం తీసుకోను. రీలు డబ్బా గారు చెప్పిన మూడు సినిమాల్లోనూ కులం ప్రేమ ద్వారానో స్నేహం ద్వారానో వస్తుంది, పొలం ద్వారా రాదు. పొలం ద్వారా వస్తే ప్రేక్షకుల్లో కొందరు తమ సొంత లెక్క చూసుకోవలసి వస్తుంది.

రీలు డబ్బా:

ఒప్పుకుంటున్నాను. బోదె గట్టు గారి ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. బట్టలు పెట్టే మంచి యజమాని, సంతకం అడగడానికి మొహమాటపడే కౌలుదారు: ఇందులో చంపవలసినవాడు ఎవరూ లేరు కనుక సినిమాకు కష్టం. నాటికకు మాత్రం రెండు పాత్రలు, ఒక కాగితం, ఒక పెన్ను చాలు. మూడో గంట గారు ఆడిస్తానంటే రాసి ఇస్తాను.

మూడో గంట:

రాయండి. పరిషత్తుకు కాదు, ఊళ్ళో ఆడతాము. మొదటి ప్రదర్శన బోదె గట్టు గారి ఊళ్ళోనే పెట్టుకుందాము.

బోదె గట్టు:

మా ఊళ్ళో నాటకం ఆడడానికి చోటంటే గుడి ముందున్న ఖాళీ స్థలం ఒక్కటే. దానికి దేవస్థానం అనుమతి కావాలి. హైదరాబాదు ఆయన పొలంతో పాటు ఆ దేవస్థానం మాన్యంలో ఎకరమున్నర కూడా మా నాన్నగారు వేలంలో పాడుకుని చేస్తున్నారు, ఈ వేసవిలో మళ్ళీ వేలం ఉంది. నాన్నగారితో ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, వేలం అయ్యాక అడగరాదా అన్నారు. రాయడానికి రీలు డబ్బా గారికి ఎలాగూ వ్యవధి కావాలి కదా, జూన్‌లో వెళ్ళి అడుగుతాను.