అంబాసిడర్ మీటర్ల రిపేరు, డయల్ పెయింటు: ఎవరెట్ల చేయిస్తున్నరు?

నల్లగొండ_మార్క్3
మార్క్ 3 అంబాసిడర్. డ్యాష్‌బోర్డ్ విప్పి పెయింటు కొట్టించిన. తిరిగి బిగించినంక పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ తాళం తిప్పంగనే మెల్లగ లేసి చివరిదాక పోతున్నయి. స్పీడోమీటర్ ముల్లు 40 దాటితె వణుకుతది, జీపీఎస్‌తో పోలిస్తె ఎక్కువ చూపిస్తది. డయల్ మీద అంకెలు పసుపెక్కినయి, రెండు చోట్ల పొక్కులు లేసినయి. లోపలి లైటు మసక. రిమ్ము ఎట్ల విప్పాలె, డయల్ ఎవరితోని రాయించాలె? హైదరాబాద్ దాక పోకుండ ఇక్కడిక్కడ అయ్యేటియి ఏవి?

సూర్యాపేట_వైరింగ్
అన్నా, పెయింటు కొట్టించిన అన్నవు చూడు, రోగం అక్కడనే ఉంది. రెండు ముల్లులు ఒక్కతీరుగ పైకి పోతున్నయంటె మీటర్లు మంచిగనే ఉన్నట్టు. వెనక చిన్న డబ్బా ఉంటది, వోల్టేజ్ స్టెబిలైజర్. బి అని రాసిన దిక్కు బ్యాటరీ కరెంటు వస్తది, ఐ అని రాసిన దిక్కు మీటర్లకు పోతది. దాని రేకు డబ్బానే ఎర్త్, అంటె కరెంటు బాడీలకు తిరిగిపోయే దారి. పెయింటర్ ప్యానెల్ వెనక కూడ కొట్టిండు, ఎర్త్ తెగింది. ఎర్త్ లేకపోతె లోపలి హీటర్ తీగ వేడెక్కది, పాయింట్లు విడివడవు, 10 వోల్టులు పోవాల్సిన కాడ 12 నుంచి 14 వోల్టులు సీదా పోతున్నయి. గట్లనే తిప్పితె మీటర్ల లోపలి చుట్టు తీగ కాలుతది.

స్క్రూ కింద పెయింటు గీకి రేకు తేల్చు, చుక్కల వాషర్ (స్టార్ వాషర్) వెయ్యి. తర్వాత ఐ దిక్కు చిన్న 12 వోల్ట్ బల్బు పట్టి చూడు. మొదట కొన్ని సెకన్లు నిండుగ వెలిగి, తర్వాత ఆగి ఆగి మిణుకుమనాలె. డిజిటల్ మల్టీమీటర్ పెడితె అంకెలు ఎగురుతయి, దాన్ని చూసి పాడైందనుకోవద్దు. డబ్బా నిటారుగ ఉండాలె, పై దిక్కు గుర్తు ఉంటది. పండబెట్టి బిగిస్తె లెక్క తప్పుతది.

బల్బు మిణుక్కుమనకుంటె 7810 రెగ్యులేటర్ కొను, 10 వోల్టులకు దించే మూడు కాళ్ల ముక్క అది. కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. ఇన్‌పుట్ కాలికి 0.33, అవుట్‌పుట్ కాలికి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి పాత డబ్బాలనే కూర్చోబెట్టు. వెనక రేకును డబ్బాకు బోల్టుతోని బిగియ్యి, వేడి అట్ల పోతది, ఎర్త్ కూడ అదే. పాజిటివ్ ఎర్త్ ఉన్న (బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపిన) పాత బండ్లకు మాత్రం 7810 పనికిరాదు, 7910 వాడాలె, దాని వెనక రేకు ఎర్త్ కాదు, డబ్బాకు తగలనియ్యొద్దు.

పాలమూరు_పద్మిని
పెట్రోల్ మీటర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ట్యాంకు దగ్గరి వైరు పీకి బాడీకి ఆనించి, ముల్లు ఫుల్‌కు పోతే మీటర్ బాగుందని తేల్చే మెకానిక్కులు మన జిల్లాలో ఊరికి ఇద్దరున్నారు. బైమెటల్ మీటర్‌ను (వేడికి వంగే రెండు లోహాల పట్టీతో ముల్లు కదిలే రకం) అలా పట్టుకుని ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. సరిగ్గా చూడాలంటే ట్యాంకు వైరుకూ బాడీకీ మధ్య రెసిస్టర్ పెట్టండి. స్మిత్స్ (ఇంగ్లండ్ మీటర్ల కంపెనీ) పద్ధతి మీటర్‌కు సుమారు 22 ఓమ్‌లు పెడితే ఫుల్, 68 పెడితే సగం దగ్గర, 240 పెడితే ఖాళీ. మూడూ సరిపోతే తప్పు ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ యూనిట్‌ది. ఫియట్ వాళ్లు ఈ ఓమ్‌లు వాడకండి, ఆ మీటర్ లెక్క వేరు.

ఇత్తడి ఫ్లోట్ మునిగిపోతుంటే వేడి నీళ్లలో ముంచండి, చిల్లు ఉన్నచోట బుడగలొస్తాయి. లోపలి పెట్రోలు, దాని ఆవిరి పూర్తిగా పోయేదాకా టంకం జోలికి వెళ్లొద్దు, పేలుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలే వస్తోంది. అది తేమను పీలుస్తుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఫ్లోట్ యూనిట్ చుట్టు తీగ, దాని మీద జారే కాంటాక్టు పచ్చగా తుప్పుపడతాయి. నిలబెట్టే బండికి ట్యాంకు నింపి పెట్టండి.

మీటర్_మాస్టర్
పొద్దు పొడిసిన కాన్నుంచి మీటర్లే నా పని, కాబట్టి స్పీడోమీటర్ గురించి నేను చెప్తా. వణుకుడు మీటర్‌ల లేదు, కేబుల్‌ల ఉంది. లోపలి తీగ బయటికి గుంజి గచ్చు మీద చాపి, ఒక కొనను వేళ్ల మధ్య తిప్పండి. ఎక్కడన్నా ఎగిరితె తీగ వంగినట్టు, మార్చాలె. బాగుంటె కిరోసిన్‌తోని కడిగి, పలుచగ గ్రీజు రాసి ఎక్కియ్యండి. మీటర్ దిక్కు చివరి 20 సెంటీమీటర్లకు గ్రీజు పెట్టొద్దు. తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కిస్తది. అది లోపల తీగతోని తిరిగే అయస్కాంతానికీ, ముల్లును మోసే అల్యూమినియం కప్పుకూ మధ్యలకు పోతె ముల్లు అంటుకుంటది, ఎక్కువ కూడ చూపిస్తది. డ్యాష్‌బోర్డ్ వెనక కేబుల్ ఒంపు 15 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటె బిగుతుగ ఉండొద్దు. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) డబ్బా ముక్కు మీటర్ లోపలికి పెట్టేటోళ్లు నా దగ్గరికి బండి తేవద్దు.

జడ్చర్ల_రోడ్‌స్టార్
ఎక్కువ చూపిస్తుందంటున్నాడు కదా, దానికి ఇంత కథ ఎందుకు? ముల్లు పీకి, తేడా ఎంతుందో అంత వెనక్కి పెట్టి నొక్కితే సరి. మన దగ్గర అందరూ చేసేది అదే.

మీటర్_మాస్టర్
అందరూ చేస్తరు, అందుకే ఒక్క మీటర్ కూడ సరిగ ఉండదు. తేడా ఎట్లుందో ముందు రాసుకోవాలె. జీపీఎస్ 30, 50, 70 చూపిస్తుంటె మీటర్ 36, 56, 76 చూపిస్తుందనుకోండి. అంతటా ఆరే ఎక్కువ. అది ముల్లు తప్పుగ కూసున్నది, జరిపితె సరిపోతది. అదే 33, 55, 77 చూపిస్తె నూటికి పది ఎక్కువ. అప్పుడు ముల్లు ఐదు వెనక్కి జరిపితె 50 కాడ ఒక్కటే సరిపోతది, 30 కాడ 28 చూపిస్తది, 70 కాడ 72 చూపిస్తది. ఈ రకం తప్పుకు స్ప్రింగ్ బిగువన్నా చూడాలె, అయస్కాంతమన్నా చూడాలె.

జడ్చర్ల_రోడ్‌స్టార్
స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టమని ఇంట్లో పని చేసుకునేవాళ్లకు చెప్తున్నారా మాస్టారూ? వెంట్రుక లాంటి స్ప్రింగ్ అది. పట్టకారు తగిలితే పని అయిపోయినట్టే. బండి నడిపేది 50, 60 మధ్యలో. అక్కడ సరిగ్గా ఉంటే చాలు.

మీటర్_మాస్టర్
చాలదు తమ్మీ. ఎన్‌హెచ్ 65 మీద నార్కట్‌పల్లి దాటితె ఎవరు 60ల పోతున్నరు? స్ప్రింగ్ రాకుంటె రాదని చెప్పు, రాని పనికి ముల్లు పీకుడు మందు కాదు.

గద్వాల_హెరాల్డ్
ఇద్దరూ టైరు మాటే ఎత్తలేదు. అంబాసిడర్‌కు వచ్చినవి 5.90-15 క్రాస్‌ప్లై టైర్లు. ఇప్పుడు అందరూ రేడియల్స్ వేస్తున్నారు. చుట్టుకొలత తగ్గితే చక్రం ఎక్కువ తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. టైరుకూ నేలకూ సుద్దతో గీత పెట్టి, మనుషులు కూర్చున్న బరువుతోనే ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలవండి. పాత టైరుకంటే నూటికి నాలుగు తక్కువ వస్తే మీటర్‌లో నాలుగు శాతం తేడా దానిదే. మీటర్ విప్పక ముందు చేయాల్సిన పని ఇది.

మీటర్‌ను విడిగా చూడాలంటే డయల్ కింద చిన్న అంకె ఉంటుంది. మైలుకో కిలోమీటరుకో కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. 60 దగ్గర నిమిషానికి సరిగ్గా అన్నే చుట్లు. 1000 అని ఉంటే 1000 చుట్లకు 60 మైళ్లు, 500 చుట్లకు 30 చూపించాలి. వేగం తగ్గించుకునే డ్రిల్లుకు నాలుగు పలకల కడ్డీ బిగించి తిప్పండి, చుట్లు లెక్కించే టాకోమీటర్ దగ్గర పెట్టుకోండి. ముందు చేత్తో తిప్పి, ముల్లు పైకి కదిలే దిక్కేదో చూసుకోండి. ఇక్కడ సరిగ్గా చూపించి రోడ్డు మీద తప్పితే స్ప్రింగ్‌ది కాదు తప్పు, టైరుదో గేర్‌దో.

మీటర్_మాస్టర్
టైరు మాట నిజం. స్ప్రింగ్ మాట ఎత్తినప్పుడే నేను చెప్పాల్సింది అనేటోళ్లకు: నా దగ్గరికి వచ్చిన మీటర్‌ను మొదట బెంచి మీదనే తిప్పి చూస్తా, టైరు చూసుకునుడు బండి ఓనర్ పని.

జడ్చర్ల_రోడ్‌స్టార్
ఇప్పుడు ఓనర్ పని అయిందా! ముల్లు పీకొద్దని నన్ను తిట్టినప్పుడు టైరు గుర్తురాలేదు.

దేవరకొండ_జీపు
లొల్లి ఆపుండ్రి. పాత జీపులున్నోళ్లు అమ్మీటర్ (కరెంటు ఎంత పోతుందో చూపే మీటర్) సంగతి చూస్కోండ్రి, బండి తగలబడేది దానితోనే. స్టార్టర్ తప్ప బండి కరెంటు మొత్తం దాన్లకెళ్లే పోతది. వెనక నట్టు వదులైతె కనెక్షన్ వేడెక్కి వైరు తొడుగు కరుగుతది. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టినోళ్లు 30-0-30 (రెండు దిక్కుల 30 ఆంపియర్ల దాక చూపే) అమ్మీటర్‌ను అట్లనే ఉంచుడు మంచిది కాదు. రెండు వైర్లను ఒకే బోల్టు కింద కలిపి టేపు చుట్టి ఇన్సులేట్ చేసి, దాని జాగల వోల్ట్‌మీటర్ పెట్టుకోండ్రి. బండి నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 ఉంటె చార్జింగ్ మంచిగున్నట్టు.

సూర్యాపేట_వైరింగ్
అమ్మీటర్ తీసేయ అక్కర లేదు భాయ్. నట్లు ఇత్తడివే వేసి, స్ప్రింగ్ వాషర్ పెట్టి, వైరు కొనలకు రింగు లగ్గులు క్రింప్ చేసినంక (నొక్కి బిగించినంక) టంకం పోస్తె ఏమీ కాదు. తీసేస్తె డ్యాష్‌బోర్డ్ అసలుతనం పోతది.

దేవరకొండ_జీపు
అసలుతనం బండి కాలినంక ఏం చేస్కుంటవు? 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టి 30 మీటర్‌ల నుంచి పంపుడు ఏ లెక్కల సరైతది? బ్యాటరీ దిగి ఉన్న పొద్దు చూడు ముల్లు.

ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల మీటర్లు కొన్నిట్ల ముల్లుకు, అంకెలకు పూసింది అసలు రేడియమే. ఇప్పుడు చీకట్ల మెరవకున్నా అందుల రేడియం అట్లనే ఉంటది, దాని సగం ఆయుష్షు 1600 ఏండ్లు. మెరుపు తెచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోతది అంతే. అసుమంటి డయల్‌ను గీకుడు, గరుకు కాగితంతోని రుద్దుడు, నోటితోని దుమ్ము ఊదుడు చెయ్యకుండ్రి. అద్దం తియ్యకుండ అట్లనే ఉంచి, వాడకానికి వేరే మీటర్ పెట్టుకోండ్రి.

నల్లగొండ_మార్క్3
సూర్యాపేట అన్నా, ఎర్త్ గీకితె రెండు ముల్లులు దిగినయి. కాని ఇంజన్ మస్తు వేడెక్కినంక గూడ టెంపరేచర్ సగం దాటుతలేదు. డయల్, రిమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు.

సూర్యాపేట_వైరింగ్
రేడియేటర్‌ల బోరు నీళ్లు పోస్తున్నవా? మన దిక్కు నీళ్లకు సెన్సర్ బల్బు మీద తెల్లటి పెచ్చు కడతది, వేడి లోపలికి ఆలస్యంగ పోతది. విప్పి వెనిగర్‌ల నానబెట్టి మెత్తటి బ్రష్షుతోని తోము. తిరిగి బిగించేటప్పుడు మర మీద టెఫ్లాన్ టేపు మందంగ చుట్టకు, ఎర్త్ ఆ మర నుంచే. బిగించినంక సెన్సర్ ఒంటికీ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్‌తోని చూడు, సున్నా దగ్గర రావాలె. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పొయ్యి.

వనపర్తి_ప్రింట్స్
డయల్ పని నాది. రిమ్ముకు ముందు అంచు చుట్టూ బ్రష్షుతో చొరబడే నూనె పూసి రాత్రంతా బోర్లా ఉంచండి. స్మిత్స్ రకానిదైతే రబ్బరు చేతితొడుగుతో పట్టి కొంచెం తిప్పితే లోపలి పళ్లు గాళ్ల దగ్గరకు వస్తాయి, అప్పుడు పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే రిమ్ము సొట్టపోతుంది. మడిచిన అంచు రకమైతే చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి, ఒక్కచోటే ఎత్తితే చీలుతుంది.

ముల్లు తీసే ముందు ఆపుడు పిన్ను మీదుగా దాన్ని మెల్లగా ఎత్తి వదలండి. స్ప్రింగ్ ఒత్తిడి లేకుండా ఎక్కడ నిలుస్తుందో అక్కడ డయల్ అంచుకు టేపు అంటించి గుర్తు పెట్టండి. తిరిగి పెట్టేది ఆ గుర్తుకే. తీసేటప్పుడు డయల్ మీద దళసరి కాగితం పరిచి, రెండు చెంచాలు రెండు వైపులా పెట్టి ఒకేసారి ఎత్తాలి.

డయల్‌ను థిన్నర్‌తో గానీ పెట్రోల్‌తో గానీ తుడవద్దు, అంకెలు గుడ్డకొస్తాయి. పొక్కులున్నాయి కాబట్టి మళ్లీ చేయించక తప్పదు. పాత పెయింటు తీయక ముందే డయల్‌ను స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వంకర పడుతుంది కాబట్టి ఫోన్ ఫోటో వద్దు. డిజైన్ గీయించి ఫిల్మ్ తీయించి, పెళ్లికార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేసే షాపులోనే కొట్టించవచ్చు, నల్లగొండలోనే అవుతుంది. సన్న అక్షరాలకు వాడే మెష్ (జల్లెడ బట్ట) అడగండి. కాగితం ఇంకు రేకు మీద నిలవదు. లోహానికీ గాజుకూ వాడే రెండు డబ్బాల ఇంకు కావాలి. రేకుకు పలుచగా ఎచ్ ప్రైమర్ (లోహానికి పట్టుకునే మొదటి పూత), దాని మీద మ్యాట్ నలుపు రెండు పలుచటి కోట్లు, 24 గంటలు నీడలో ఆరాక అచ్చు. మే నెల మధ్యాహ్నం స్ప్రే కొట్టకండి, పెయింటు గాల్లోనే ఎండి ఇసుకలా పడుతుంది. పొద్దున్నే కొట్టండి.

జడ్చర్ల_రోడ్‌స్టార్
వినైల్ స్టిక్కర్ అయితే అరగంట పని. ఇప్పుడు ప్రింటు చాలా బాగా వస్తోంది.

వనపర్తి_ప్రింట్స్
ఎండలో నిలబెట్టిన బండి లోపల ఆ స్టిక్కర్ కుంచించుకుపోయి అంచులు లేస్తాయి. లేచిన అంచు ముల్లుకు తగిలితే మీటర్ అక్కడే ఆగుతుంది. షో కోసం పెట్టుకునే బండికి చూడండి, నడిపే బండికి వద్దు. ముల్లుకు రంగు వేసేటప్పుడు కూడా పాత పెయింటు తీసేసి ఎయిర్‌బ్రష్‌తో పలుచగా వేయాలి. బ్రష్షుతో మందంగా పూస్తే తోక బరువు కుదరదు, రీడింగ్ మారుతుంది.

పాలమూరు_పద్మిని
50 ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. డయల్ రాయించినందుకు అడ్డు రాదు.

గద్వాల_హెరాల్డ్
లైటు మసక సంగతి మిగిలింది. డబ్బా లోపలి తెల్ల పెయింటు పసుపెక్కి ఉంటుంది. మ్యాట్ తెలుపు కొట్టండి, ఆ ఒక్కదానితోనే సగం వెలుతురు తిరిగొస్తుంది. అద్దం 2 మిల్లీమీటర్లది అద్దాల షాపులో గుండ్రంగా కోయిస్తారు. 2.2 వాట్ల బల్బుల బదులు ఎల్‌ఈడీ పెడితే పెట్టండి గానీ, చార్జింగ్ ఎర్ర లైటుకు మాత్రం వద్దు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో మొదట ఫీల్డ్‌కు (ఆల్టర్నేటర్ లోపల అయస్కాంతంగా మారే తీగ చుట్టకు) కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. ఎల్‌ఈడీ గుండా చాలినంత పోదు, ఇంజన్ గట్టిగా రేస్ చేసేదాకా చార్జింగ్ మొదలవదు.

నల్లగొండ_మార్క్3
నాది ఆల్టర్నేటరే. ఎర్ర లైటుకు పాత బల్బే ఉంచుత. రేపు టైరుకు సుద్ద గీత పెట్టి కొలిచి, 30, 50, 70 కాడ తేడా ఎంతుందో ఇక్కడ రాస్త. మాస్టర్ అన్నా, డయల్ అచ్చయినంక మీటర్ నీకే పంపుత, బెంచి మీద తిప్పి చూడు.