సమస్యాపూరణం: ఇసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల

విక్రమసింహపురి (నిర్వహణ):
క్రిస్మస్ కేకుల డబ్బాలు ఖాళీ అయ్యాయి, సంక్రాంతి అరిసెలకు బియ్యం ఇంకా నానబోయలేదు. ఈ మధ్య దొరికిన తీరికలో వంటింటి సమస్య ఒకటి ఇస్తున్నాను.

ఇసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వాడుకోవచ్చు. ఇచ్చినది నాలుగో పాదం, మొదటి మూడూ మీవి. ముందు పాదం చివరను బట్టి ‘యిసుక’, ‘నిసుక’ అని మారినా తప్పు లేదు. షరతు ఒక్కటే: తిండి సంగతి ఉండాలి, తిన్నవాళ్లు బతికి ఉండాలి.

పినాకిని:
మొదటి వడ్డన నాది.

ఓవె నింటను లేదని యోర్పు విడక
మందమగు గిన్నె సన్నని మంటమీదఁ
బెట్టి కేకును గాల్చి యా వేడివేడి
యిసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల.

మార్కాపురం పలక:
గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. కాని ‘ఇసుకఁ’ ద్వితీయ కదమ్మా. ఇసుకనే తినిపించినట్టు వినిపిస్తోంది. కాల్చిన కేకు ఎక్కడికి పోయింది?

పినాకిని:
ఇక్కడ ‘ఇసుకఁ’ అంటే ఇసుకచేత అండీ. జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, తృతీయ అర్థంలో ద్వితీయ వస్తుందని మీరే కదా చెబుతుంటారు. ‘ఆ వేడివేడి ఇసుకచేత కేకును కాల్చి, తినిపించి’ అని అన్వయం.

మార్కాపురం పలక:
అయితే సరే. ‘కాల్చి’ ముందు వచ్చి ‘ఇసుక’ వెనక పడింది కాబట్టి చదివేవాడు ఒక క్షణం తడబడతాడు. సమస్యాపూరణంలో అది దోషం కాదు, ఒక రకంగా లాభమే.

కందుకూరు కోడలు:
పద్యం సంగతి పెద్దలు చూస్తారు, నేను వంట సంగతి చూస్తాను. ‘మందమగు గిన్నె’, ‘సన్నని మంట’, రెండూ సరైన మాటలు. పలచని గిన్నెలో ఇసుక పోస్తే అడుగు ఒకచోటే కాలుతుంది. ఇసుక అంగుళం మందాన పరిచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు కాగనివ్వాలి. తరువాత కేకు గిన్నె దించాలి. ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది, నెమ్మదిగా చుట్టూ పంచుతుంది, అందుకే కేకు అడుగు మాడదు. కుక్కరులో చేసేవాళ్లు రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, చుక్క నీళ్లు పోయకూడదు. సుమారు నలభై నిమిషాలకు సన్నని పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకుండా రావాలి. మధ్యలో మూత ఎత్తి చూసే ఆత్రం ఉన్నవాళ్ల కేకు నడుమ కుంగుతుంది. మా ఇంట్లో ఆ ఆత్రం మా ఆయనది. గుడ్డు వద్దనుకుంటే పుల్లటి పెరుగు, వంటసోడా వేసుకోవచ్చు. ఆ పులుపు తగలగానే సోడా పొంగుతుంది కాబట్టి కలిపాక పిండిని ఆలస్యం చేయకుండా పొయ్యి ఎక్కించాలి.

మైపాడు అల:
అక్కా, మా సముద్రపు ఇసుక పనికొస్తుందా?

కందుకూరు కోడలు:
దానిలో ఉప్పూ చెమ్మా గవ్వల ముక్కలూ ఉంటాయి తమ్ముడూ. ఏటి ఇసుకను కడిగి ఎండబెట్టి వాడు. అదీ దొరక్కపోతే రాళ్లుప్పు పరిచినా కేకు కాలుతుంది.

విక్రమసింహపురి (నిర్వహణ):
పినాకిని గారూ, మీ పద్యంలో మెప్పించినది ఎవరు? కర్త లేదు. మొదటి పాదాన్ని ‘ఓవె నింటను లేకున్న నోపి వదిన’ అంటే యతి చెడదు, మెచ్చుకోలు చేరవలసిన వదినకు చేరుతుంది.

మైపాడు అల:
నా ఇసుక కేకుకు పనికిరాదన్నారు కాబట్టి వేరే పనికి వాడాను.

కడలి యొడ్డున బుడుతలు కలసి యాడ
బుజ్జి చేతుల లడ్డులు బూరె లనుచు
ముద్ద చేసిన పాపయే ముద్దులొలికి
యిసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల.

మార్కాపురం పలక:
హాయిగా ఉంది. వ్యాకరణాన్ని పిలవకుండానే సమస్య విడిపోయింది. నేస్తాలంతా నోరు చాచి తిన్నట్టు నటించడం కళ్లకు కట్టింది. అయితే ‘పాపయే’లో ఆ ఏకారం దేనికి? గణం కోసం తప్ప అర్థం కోసం రాలేదు.

ఒంగోలు గిత్త:
మా వీధిలో క్రిస్మస్‌కు మాకు కేకు వస్తుంది, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు వెళతాయి. పళ్లెం ఖాళీగా తిప్పి పంపే అలవాటు రెండిళ్లకూ లేదు. కాని కేకు మీద పద్యం ముందే వచ్చేసింది కాబట్టి నేను బొరుగుల దారి పట్టాను. క్రమాలంకారం: ప్రశ్నలు ముందు, జవాబులు అదే వరుసలో చివర.

బొరుగు దేనిచే వేగును పొయ్యి మీద?
బెల్లపుండలఁ జుట్టి యా పెద్ద యవ్వ
యేమి చేసెను పండుగ కెవరి? ననఁగ
నిసుకఁ, దినిపించి మెప్పించె, హితుల నెల్ల.

కందుకూరు కోడలు:
భలే. బట్టీలో కాగిన ఇసుక మీద ఉప్పునీళ్లు పట్టించిన ఉప్పుడు బియ్యం పడగానే చిటపటమని పొంగుతాయి. వెంటనే జల్లెడ పట్టాలి, లేకపోతే తెల్లబొరుగు కాస్తా ఎర్రబడుతుంది. జల్లెడ సరిగా పట్టకపోతే మాత్రం సమస్యాపాదం ఉన్నదున్నట్టు నిజమవుతుంది!

విక్రమసింహపురి (నిర్వహణ):
మూడు ప్రశ్నలకు మూడు జవాబులు ఒకే పాదంలో వరుసగా పడ్డాయి. ఈ దారిలో చాలామంది ప్రశ్నలను అతికించినట్టు రాస్తారు, ఇక్కడ అవ్వ కథ తెగకుండా సాగింది.

పెన్న గట్టు:
నాదీ ఒకటి.

కల్ల లాడెడు పొరుగింటి కాంత యొకతె
వదిన కేకుల రుచిఁ జూచి వచ్చి పలికె
నోర్వ లేక యసూయతో నూరిలోన
నిసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల.

మార్కాపురం పలక:
ఛందస్సుకు వంక పెట్టలేను. ‘ఓర్వ’కు ‘ఊరి’ యతి చెల్లుతుంది. కాని అసూయతో చెప్పే మనిషి ‘మెప్పించె’ అంటుందా? ‘ఇసుక పెట్టింది, ఎవరూ ముట్టలేదు’ అంటుంది. పాదాన్ని ఇంకొకరి నోట్లో పెట్టి తప్పుకోవడం పాత చిట్కా. పెడితే ఆ నోటికి తగ్గట్టు పెట్టాలి.

కావలి రైలు:
కొత్తవాణ్ణి, తప్పులుంటే మన్నించాలి. రవ్వలడ్డు చెడిన సంగతి.

పాకమది తప్పి లడ్డులు పగిలి రాల
నగుచు పొరుగింటి వారలు ఇసుక యనిరి
అత్త చెంచాలతో గిన్నె లందఁజేసి
యిసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల.

మార్కాపురం పలక:
రెండో పాదంలో ‘న’కు ‘ఇ’తో యతి లేదు. ‘వారలు ఇసుక’ అని విడిగా ఉంచడం విసంధి, ‘వారలిసుక’ కావాలి, అప్పుడు గణం తప్పుతుంది. ‘అనిరి’ తరువాత ‘అత్త’ కూడా అలాగే విడిగా నిలిచింది.

విక్రమసింహపురి (నిర్వహణ):
పలక గారు చెప్పినవన్నీ నిజమే. కాని రవ్వలడ్డు ఉండ కట్టక రాలిపోవడం, చూసినవాళ్లు ఇసుక అని నవ్వడం, అత్త చెక్కుచెదరకుండా గిన్నెల్లో పోసి చెంచాలు ఇచ్చేయడం! ఆ అత్తను మనందరం ఎరుగుదుం. రెండో పాదం ఇలా మార్చి, ‘అత్త’ను ‘యత్త’ చేస్తే చాలు:

పాకమది తప్పి లడ్డులు పగిలి రాల
నిసుక యిదియంచు నవ్విరి యింటివారె;
యత్త చెంచాలతో గిన్నె లందఁజేసి
యిసుకఁ దినిపించి మెప్పించె హితుల నెల్ల.

పొరుగువాళ్ల కంటే ఇంటివాళ్లు నవ్వితేనే అత్త పౌరుషం బాగా తెలుస్తుంది కూడా.

కందుకూరు కోడలు:
పాకం తీగ దాటి ముదిరితే చక్కెర మళ్లీ పలుకు కట్టి లడ్డు అలాగే రాలుతుంది. గోరువెచ్చని పాలు చిలకరించి చుడితే ఉండ నిలుస్తుంది, కాని రెండు మూడు రోజుల్లో తినేయాలి. ఆ అత్తకు ఇది తెలియక కాదు, చెంచాలు కడగడమే తేలిక అనుకుని ఉంటుంది.

పినాకిని:
ఇసుక లేకుండా పోటీకి వెలుపల ఒకటి. ఇచ్చిపుచ్చుకునే తిండి అంటే నెల్లూరివాళ్లకు మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగే గుర్తొస్తుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. తీరాక మరో ఏడు వచ్చి వాళ్లూ ఇస్తారు. అంతా స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడే.

చదువు రొట్టెను గోరి యీ చంటి వచ్చెఁ
బెళ్ళి రొట్టెను గోరి యా పిల్ల వచ్చె
నిచ్చు వారును గొనువారు నిటనె కలరు
చెరువు నీటను దడిసె నీ చిన్ని రొట్టె.

ఒంగోలు గిత్త:
చివరి పాదం బాగా నచ్చింది. ఎవరి రొట్టె, ఏ రొట్టె అని చెప్పకుండా వదిలేశారు.

మార్కాపురం పలక:
పద్యం బాగుంది, సమస్య లేదు కాబట్టి మార్కులు లేవు.

విక్రమసింహపురి (నిర్వహణ):
ఈసారి మొదటి స్థానం కావలి రైలుకు. యతి తప్పిన పద్యానికి ఎలా ఇస్తారని పలక గారు ఫోను చేస్తారని తెలుసు, చేయనివ్వండి. రెండోది అవ్వ బొరుగులకు. వదిన కేకు మూడోది, కర్తను ముందే పిలిచి ఉంటే పైకి వచ్చేది.

వచ్చే సమస్య ఆటవెలదిలో, సరి పాదం:

చీమ కాలఁ దన్నెఁ జిలుకు తేనె

సంక్రాంతి పిండివంటలు సర్దుకున్నాక పంపండి. చీమను చంపి గట్టెక్కే పూరణలు తీసుకోను.