క్యాన్సర్ ఆపరేషన్‌లో అనుకోకుండా దొరికిన జిస్ట్ (జీర్ణనాళం గోడలో పుట్టే ఓ రకం గడ్డ)

సర్జరీ_పీజీ: కడుపు అడినోకార్సినోమాకి (లోపలి పొరలో పుట్టే క్యాన్సర్) గ్యాస్ట్రెక్టమీ (కడుపు తీసే ఆపరేషన్) చేస్తుంటే సెరోసా (కడుపు బయటి పొర) మీద 1.2 సెం.మీ. గట్టి గడ్డ కనిపించింది. మెటాస్టాసిస్ (క్యాన్సర్ పాకడం) అనుకుని ఆపేయాలా సార్?

ఆంకోసర్జన్: అప్పుడే ఆపకండి. ఫ్రోజెన్ (ఆపరేషన్ మధ్యలోనే ముక్కని గడ్డకట్టించి చేసే పరీక్ష) పంపండి. స్పిండిల్ సెల్స్ (కదురు ఆకారపు కణాలు) వస్తే జిస్ట్ అనుమానించాలి. గడ్డని నలపకుండా చుట్టూ కాస్త మార్జిన్‌తో తీయండి. పగిలిందా, జిస్ట్ తిరిగొచ్చే రిస్క్ లెక్కంతా మారిపోతుంది.

పాథ్_బెంచ్: ఫ్రోజెన్‌తో పేరు తేల్చేయకండి. జిస్ట్ అనాలంటే ఇమ్యునోలో (కణాల్లోని ప్రొటీన్లకి రంగు పట్టించే పరీక్ష) సీడీ117, డాగ్1 అనే ప్రొటీన్లు పాజిటివ్, కార్సినోమాలో కనిపించే సైటోకెరాటిన్ నెగెటివ్ రావాలి. డెస్మిన్ (కండరాల ప్రొటీన్) గట్టిగా పట్టి సీడీ117, డాగ్1 పట్టకపోతే లియోమయోమా (క్యాన్సర్ కాని కండరపు గడ్డ). మైటోసిస్‌లు (విభజన చెందుతున్న కణాలు) 5 చదరపు మి.మీ.కి ఎన్నో రాయించండి. ‘50 హెచ్‌పీఎఫ్’ (మైక్రోస్కోప్‌లో పెద్దది చేసి చూసే 50 ఫీల్డ్‌లు) అంటే మైక్రోస్కోప్‌ని బట్టి వైశాల్యం మారుతుంది, ఆ అంకెని నమ్మలేం.

సర్జరీ_పీజీ: జిస్ట్ కోసం నోడ్స్ (లింఫ్ గ్రంథులు) తీయాలా, ఇమాటినిబ్ (జిస్ట్‌కి వాడే మందు) ఇవ్వాలా?

ఆంకోసర్జన్: నోడ్స్ కార్సినోమా కోసం ఎలాగూ తీస్తారు, జిస్ట్‌కి వేరే అక్కర్లేదు. 2 సెం.మీ. లోపు, మైటోసిస్ 5 దాటకుండా, గడ్డ పగలకుండా ఉంటే ఇమాటినిబ్ వద్దు. కీమో కార్సినోమా స్టేజిని బట్టే. తర్వాత లివర్‌లో మచ్చ వస్తే మాత్రం బయాప్సీ లేకుండా ఏ గడ్డదో ఊహించొద్దు.