హబ్ మోటారు ఫ్లైఓవర్ ఎక్కట్లేదు: పోయింది మాగ్నెట్టా, వైండింగా?

బెజవాడ_బండి: మూడేళ్ల ఈ-స్కూటర్, చక్రంలోనే ఉండే మోటారు (హబ్ మోటారు). ఇద్దరం ఎక్కితే ఫ్లైఓవర్ మధ్యలోనే ఆయాసపడిపోతోంది, మోటారు మీద చెయ్యి పెట్టలేం. సర్వీసు సెంటర్‌లో విప్పనైనా విప్పకుండా "ఎండకి మాగ్నెట్లు పోయాయి, మోటారే మార్చాలి" అన్నారు, 18 వేలట. ఎండకి అయస్కాంతం పోతుందా అసలు?

వైండింగ్_బాబాయ్: ఎండకి పోదు బాబూ. నియోడిమియం అయస్కాంతం గుణం మొత్తం పోవాలంటే 310 డిగ్రీల పైమాటే. పైగా హబ్ మోటార్లో మాగ్నెట్లు బయటి రిమ్ముకి అతికించి ఉంటాయి, గాలి తగులుతుంది. వేడి పుట్టేది లోపలి రాగి చుట్లలో (అదే వైండింగ్), బయటికి పోయే దారి లేక అక్కడే ఉడుకుతుంది. ముందు మాడేది వైరు మీది ఎనామెల్ పూత. నేను విప్పినవాటిలో ఎక్కువ ఇదే, చుట్లు చుట్టే ఇనప పళ్లలో ఒకదాని మీదివి బొగ్గులా ఉంటే పక్కవి ఇంకా తేనె రంగులో ఉంటాయి.

ఫ్లక్స్_మాస్టారు: బాబాయ్ గారూ, అంతదాకా అక్కర్లేదు. మామూలు ఎన్ గ్రేడు మాగ్నెట్‌కి 80 డిగ్రీలే హద్దు, వేడిని ఎక్కువ తట్టుకునే ఎస్‌హెచ్ గ్రేడు అయితే 150. ఆ తట్టుకునే గుణం కోసం కలిపే డిస్ప్రోసియం అనే లోహం ఖరీదు, 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతికి లైసెన్సు పెట్టాక మరీనూ. వేడెక్కి ఉన్న మాగ్నెట్‌కి, మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్లో మాస్‌ఫెట్లు (స్విచ్‌లు) షార్టయి స్టేటర్ (చుట్లుండే కదలని భాగం) నుంచి ఎదురు ఫ్లక్స్, అంటే ఎదురు అయస్కాంత బలం, తగిలిందంటే పోయిన బలం చల్లారినా రాదు.

వైండింగ్_బాబాయ్: అలాగైతే చక్రం ఖాళీగా తిరిగేటప్పుడు స్పీడు పెరగాలి, లాగుడు తగ్గాలి. బాబూ, పెరిగిందా? మోటారుకి కరెంటు తెచ్చే మూడు ఫేజు వైర్లూ కంట్రోలర్ నుంచి పీకి చక్రం తిప్పి చూడు. అప్పుడూ బరువుగా ఉంటే కంట్రోలర్ కాదు, చుట్లే. ఈ మోటారుతో వచ్చిన చిక్కే అది, మాగ్నెట్‌ని ఆఫ్ చెయ్యలేం కదా, తిరిగినంతసేపూ షార్టయిన చుట్లలో కరెంటు పారుతూనే ఉంటుంది.

బెజవాడ_బండి: స్పీడు పెరగలేదు. పీకేసినా బరువుగానే ఉంది. డ్రిల్లుకి రబ్బరు రోలరు బిగించి టైరుకి ఆనించి 300 ఆర్పీఎం దగ్గర ఫేజు వైర్లని రెండేసి జతలుగా కొలిచాను: 21.4, 19.6, 19.5 వోల్టులు. మా బావమరిదిది అదే మోడలు, మూడూ 22.9.

వైండింగ్_బాబాయ్: చూశారా మాస్టారూ! రెండు జతలు తగ్గాయి, వాటికి ఉమ్మడిగా ఉన్న ఫేజులో చుట్లు కలిశాయి. మాగ్నెట్లయితే మూడూ కలిసి పడాలి.

ఫ్లక్స్_మాస్టారు: షార్ట్ ఒప్పుకుంటా. మరి బాగున్న జత 22.9 బదులు 21.4 ఏంటి?

వైండింగ్_బాబాయ్: నడిపొచ్చి వెంటనే కొలిచుంటాడు. వేడెక్కితే మాగ్నెట్ బలం డిగ్రీకి 0.12 శాతం దాకా తగ్గుతుంది, చల్లారితే వచ్చేస్తుంది.

ఫ్లక్స్_మాస్టారు: రిమ్ముకి గాలి తగులుతుందన్నది తమరే కదండీ 😄

బెజవాడ_బండి: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచాను. 22.0, 20.1, 20.1. రీవైండింగ్‌కి 4 వేలు అడిగారు, ఇచ్చేశా. చుట్లు పూర్తయ్యాక మళ్లీ కొలుస్తా, అప్పుడూ మూడూ 22 దగ్గరే ఆగితే మాగ్నెట్లూ కొంత పోయినట్టే, మాస్టారికి టీ నా ఖర్చు.