నాన్న సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్): పనిచేసిన మాత్ర ఇప్పుడెందుకు పనిచేయట్లేదు?

కావలి అమ్మాయి: నాన్నకు 58. వరి రైతు. ఐదేళ్లుగా రోజుకు ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. జబ్బు ఎంత ఉందో చూపే బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టు 0.08 శాతం నుంచి 2.4కి పెరిగింది. డాక్టరుగారు మ్యుటేషన్ (జన్యువులో మార్పు) టెస్టు రాస్తూ, "కణాలన్నీ ఒక్కలాంటివి కావమ్మా" అన్నారు. ఒకే జబ్బుకు ఇన్ని రకాల కణాలేమిటి? టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు.

ఒంగోలు ల్యాబ్ అన్న: నాన్నగారినే అడగమ్మా, విత్తన వరిలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఎందుకు ఏరతారో! మొదట ఒకే కణంలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై జబ్బు మొదలవుతుంది. దాని పిల్లలు లక్షల్లో పెరిగేటప్పుడు, జన్యువులకు నకలు తీయడంలో కొత్త తప్పులు దొర్లుతాయి. మాత్ర చాలావాటిని అణిచేస్తుంది, లొంగని గుంపు మెల్లగా పెరుగుతుంది. సుడిదోమకు ఒకే మందు పదేపదే కొడితే ఏమవుతుందో ఆయనకు తెలుసుగా. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబే కాదు, డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచేయవు. దానికి పొనాటినిబ్ లాంటివి ఉన్నాయి. అందుకే టెస్టు చూశాకే మందు మారుస్తారు.

కందుకూరు నుంచి, పేషెంటునే: ముందు ఒకటి చెప్పమ్మా, మాత్రలు మానాడా? కోతలప్పుడు నేను పది రోజులు ఎగ్గొట్టా, నంబరు పెరిగింది. మ్యుటేషన్ ఏమీ లేదు, నా నిర్లక్ష్యమే.

కావలి అమ్మాయి: ఇప్పుడే అడిగా బాబాయ్. నాట్లప్పుడు "కొన్ని" మర్చిపోయాడట. ఎన్నో చెప్పడం లేదు. టెస్టుకు రక్తం సోమవారం ఇస్తున్నాం.