సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం ఊగుతోంది

అన్నా, మాది 2011 పెట్రోల్ బండి. వేడెక్కాక ఆగితే చాలు, ఆర్‌పీఎం 800 నుంచి 1800కి ఎగిరి మళ్లీ పడిపోతోంది. చెక్ ఇంజిన్ లైట్ లేదు. మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) మార్చాలంటున్నాడు.

> అప్పుడే జేబు ఖాళీ చేసుకోకు తమ్ముడూ. ఎక్కడో చీలికలోంచి ఇంజిన్ దొంగ గాలి లాగుతున్నట్టుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఆర్‌పీఎం పైకి పోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ ఆపేస్తుంది, పడగానే మళ్లీ ఇస్తుంది. ఊగుడంతా అదే. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలోకి పంపేది) వంపు అడుగున వేలితో తడిమి చూడు. పైకి బాగానే కనిపిస్తుంది, చీలేది కిందే.

> మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) ఉంటే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) చూడండి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నాకి దిగితే లీకే. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టకండి, అంటుకుంటుంది.

> గొట్టం అడుగున గోరు దూరేంత చీలిక ఉందన్నా! టేపు చుడితే 800 దగ్గర నిలబడింది. రేపు కొత్తది వేయిస్తా.