లేని మనిషి మాట ఎంఎస్ఎన్‌బీసీలో ఎలా వచ్చింది?

కృష్ణలంక_కుర్రాడు:
2008 అమెరికా ఎన్నికల పాత వార్తలు తిరగేస్తుంటే మార్టిన్ ఐజెన్‌స్టాట్ అనే పేరు తగిలింది. రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్‌కి సలహాదారునని, హార్డింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థలో ఫెలోనని చెప్పుకునేవాడు. బ్లాగు ఉంది, యూట్యూబ్ వీడియోలు ఉన్నాయి, ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఓ వెబ్‌సైట్ కూడా ఉంది, అసలు మనిషే లేడు! ఈటన్ గోర్లిన్, డాన్ మిర్విష్ అని ఇద్దరు సినిమావాళ్లు పుట్టించిన పాత్ర అది, వీడియోల్లో కనిపించేది గోర్లినే. ఎన్నికలు అయిపోయాక, మెకెయిన్ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్ విషయంలో "ఆమెకి ఆఫ్రికా ఖండమని కూడా తెలీదన్న సంగతి ఫాక్స్ న్యూస్‌కి చెప్పింది నేనే" అని ఈ ఐజెన్‌స్టాట్ బ్లాగులో రాసుకుంటే, నవంబర్ 10న అమెరికా న్యూస్ చానల్ ఎంఎస్ఎన్‌బీసీలో యాంకర్ డేవిడ్ షుస్టర్ దాన్ని వార్తగా చెప్పేశాడు. తర్వాత తప్పని సవరించుకున్నారు, అది వేరే సంగతి.

నా డౌట్ ఒక్కటే. మెకెయిన్ ప్రచార ఆఫీసుకి ఫోన్ చేసి "ఈయన మీవాడేనా" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఇది బద్ధకమా, లేక కావాలనే కళ్లు మూసుకున్నారా? మీడియాలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్_డెస్క్:
హైదరాబాద్‌లో ఒక న్యూస్ చానల్ డెస్క్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. బద్ధకం కాదు తమ్ముడూ, నమ్మకం. ఎంఎస్ఎన్‌బీసీ ఇచ్చుకున్న వివరణే చూడు. న్యూస్‌రూమ్‌లో ఒకరికి సహోద్యోగి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, పంపినాయన చెక్ చేసే ఉంటాడని అందుకున్నాయన అనుకున్నాడు. అంతే, టీవీలోకి వెళ్లిపోయింది.

మా దగ్గరా ఇదే తంతు. రిపోర్టర్ పంపింది కాబట్టి నిజమేనని ఇన్‌పుట్ వాళ్లు (వార్తలు సేకరించే విభాగం) అనుకుంటారు, ఇన్‌పుట్ నుంచి వచ్చింది కాబట్టి అవుట్‌పుట్ వాళ్లు (వాటిని ప్రసారానికి తయారుచేసే విభాగం) అడగరు, బులెటిన్ మొదలయ్యాక పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో) అడిగే తీరికే ఉండదు. ఈలోపు పక్క చానల్లో స్క్రోలింగ్ మొదలైతే పైనుంచి ఫోన్ వస్తుంది, "వాళ్లకుంది, మనకెందుకు లేదు?" అని. ఆ ఫోన్ వచ్చాక "ఇంకా కన్ఫర్మ్ చేసుకోలేదు సార్" అనే సబ్ ఎడిటర్‌ని నేనైతే ఎక్కువమందిని చూడలేదు.

ఈ కేసులో ఇంకో విశేషం ఏంటంటే, ఐజెన్‌స్టాట్ దొంగ పేరని ఒక బ్లాగర్ అప్పటికే నెలల తరబడి మొత్తుకుంటున్నాడు. మదర్ జోన్స్ పత్రిక బ్లాగు కూడా అంతకుముందే ఒకసారి ఇతని మాట నమ్మి, తర్వాత విషయం తెలుసుకుంది. అంటే ఫోన్ కూడా అక్కర్లేదు, పేరు కొట్టి నెట్‌లో వెతికితే సరిపోయేది.

భోపాల్_గుర్తుందా:
వెతికితే సరిపోతుంది అనడం అంత తేలిక కాదండీ. 2004 డిసెంబర్ 3న, భోపాల్ గ్యాస్ దుర్ఘటనకి ఇరవయ్యేళ్లు నిండిన రోజున, బీబీసీ వరల్డ్ వాళ్లు, భోపాల్ ఫ్యాక్టరీ తాలూకు యూనియన్ కార్బైడ్‌ని తర్వాత కొనేసిన డౌ కెమికల్ ప్రతినిధి కోసం వెతికారు, నెట్‌లోనే. దొరికింది యెస్ మెన్ అనే, కంపెనీల వేషం వేసి వాటిని ఎండగట్టే బృందం పెట్టిన నకిలీ డౌ వెబ్‌సైట్. బీబీసీయే మెయిల్ పెట్టి మరీ పిలిచింది! జూడ్ ఫినిస్టెరా పేరుతో వచ్చినాయన, బాధ్యత మొత్తం మాదే, యూనియన్ కార్బైడ్‌ని అమ్మేసి 1,200 కోట్ల డాలర్లు పరిహారం ఇస్తాం అని లైవ్‌లో చెప్పాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో డౌ షేరు పడిపోయింది. కంపెనీ ఖండించాక బీబీసీ క్షమాపణ చెప్పుకుంది.

1989లో కుదిరిన సెటిల్‌మెంట్ 47 కోట్ల డాలర్లు. దానికి పాతిక రెట్లు ఇస్తానని ఒక కంపెనీ ప్రతినిధి ఉన్నట్టుండి అంటుంటే ఆ గదిలో ఒక్కరికైనా అనుమానం రావాలి కదా? యెస్ మెన్ ఉద్దేశం నాకు అర్థమవుతుంది, డౌ ఏం చెయ్యాలో చూపించారు. కానీ ఆ కాసేపు అది నిజమని నమ్మిన భోపాల్ వాళ్ల సంగతి తలుచుకుంటే ఆ జోక్‌కి నవ్వు రాదు.

నా లెక్కలో తేడా ఇక్కడుంది. ఎదుటివాడు ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి అడిగితే అది చెక్ చేసినట్టు కాదు. కంపెనీ హెడ్డాఫీసు నంబర్ మనమే వేరే దారిలో పట్టుకుని చెయ్యాలి.

రాయలసీమ_రాముడు:
అమెరికా, బీబీసీ ఎందుకు సామీ, 2010 జనవరి 7 మర్చిపోయినారా? వైఎస్ హెలికాప్టర్ ప్రమాదం వెనక రిలయన్స్ ఉందని ఎక్కడో రష్యా వెబ్‌సైట్‌లో రాసినారని టీవీ5 ఎత్తుకుంది. ఆధారం ఒక్క ముక్క లేదు. నెలల కిందటి రాత అది. ఇంకో రెండు చానళ్లు అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రమంతా రిలయన్స్ షాపుల మీద పడి పగలగొట్టినారు. తర్వాత కేసులు, జర్నలిస్టుల అరెస్టులు. వాళ్ల అరెస్టు సరైందా కాదా అని కొన్నాళ్లు చర్చ జరిగింది గానీ, ఆ వెబ్‌సైట్ ఎవరిది, అందులో రాసినాయనకి ఎట్లా తెలుసు అని ముందే అడిగుంటే ఈ గొడవే లేదు కదా. విదేశీ సైట్ అనేసరికి మనోళ్లకి అదేదో దర్యాప్తు సంస్థ రిపోర్టులాగా కనబడుతుంది.

కృష్ణలంక_కుర్రాడు:
@నైట్_డెస్క్ అన్నా థాంక్స్. @రాయలసీమ_రాముడు అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, గొడవలు గుర్తున్నాయి గానీ కారణం ఇదని ఇప్పుడే తెలిసింది. ఇంకో చిన్న డౌట్. అయితే పేలిన్‌కి ఆఫ్రికా గురించి తెలీదన్నది కూడా ఐజెన్‌స్టాట్ అల్లిన కథేనన్నమాట?

నైట్_డెస్క్:
కాదు! అప్పట్లోనూ చాలామంది ఇలాగే పొరబడ్డారు. ఆఫ్రికా మాట ముందు బయటికొచ్చింది ఫాక్స్‌లో, వాళ్ల రిపోర్టర్ కార్ల్ కామెరాన్ పేరు చెప్పని వర్గాలను ఉటంకించి చెప్పాడు. ఐజెన్‌స్టాట్ ఆ తర్వాత వచ్చి "ఆ వర్గం నేనే" అన్నాడు. అంటే బూటకం ఆ చివరి ముక్క మాత్రమే. మనిషి దొంగ అని తేలగానే ఫాక్స్ కథ కూడా కల్పితమేనని కొందరు తేల్చేశారు, దాన్నీ ఎవరూ సరిచూడకుండానే. ఫాక్స్‌కి చెప్పిందెవరో ఐజెన్‌స్టాట్ గుట్టు రట్టయినంత మాత్రాన తెలిసిపోదు. పేలిన్ మాత్రం ఆ ఆరోపణని కొట్టిపారేశారు.

భోపాల్_గుర్తుందా:
ఇంకోటి గమనించారా, హార్డింగ్ ఇన్‌స్టిట్యూట్ అన్న పేరులోనే వెటకారం ఉంది. వారెన్ హార్డింగ్ అంటే అవినీతి కుంభకోణాలతో పేరు పోగొట్టుకున్న అధ్యక్షుడు, ఆయన పేరు పెట్టుకుని గర్వపడే రిపబ్లికన్ సంస్థ ఏముంటుంది? అమెరికా న్యూస్‌రూమ్‌లో కూర్చున్నవాళ్లకి అదైనా తట్టాల్సింది.